బోర్లించిన సాసరు

నా గొంతు నాదేనని మా ఆవిడ ఇంతవరకు పూర్తిగా ఒప్పుకోలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి తలుపు తట్టి, ఎవరని లోపలినుంచి అడిగితే మా మామగారి గొంతుతో బదులిచ్చాను. కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఇంకోసారి మునిసిపాలిటీ జవాను గొంతుతో పిలిచాను. ఇల్లంతా ఊడ్చి మరీ తలుపు తీసింది. మూడోసారి జ్వరంతో, ఏ వేషమూ కట్టే ఓపిక లేక, నా గొంతుతో నేనే పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. "ఇదెవని నకలో గాని మంచిగ కుదరలె. మా ఆయన గొంతుతోని పిలువు, తీస్త" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

చదువు సంగతీ అంతే. నాలుగో తరగతిలో ఒకరోజు పంతులుగారు రావడం ఆలస్యమైతే ఆయన గొంతుతో నేనే హాజరు పిలిచాను. పిల్లలందరూ చేతులు కట్టుకుని, వరసగా లేచి పలికారు. చివర్లో ఊపు మీద నా పేరు కూడా నేనే పిలిచాను. తలుపు దగ్గరనుంచి పంతులుగారు పలికారు. మర్నాటినుంచి నాకు బడి లేదు. ఆ తర్వాత నేర్చిన నాలుగు ముక్కలూ సినిమా కరపత్రాల మీద నేర్చినవే. కనుక ఇందులో ఎక్కడైనా తప్పుల తప్పెట మోగినట్టు వినిపిస్తే పాఠకులు సర్దుకుపోవాలి.

ఈ గొంతుల పిచ్చే నన్ను అబిడ్స్‌లో ఒక హోటలుకు పోకుండా చేసింది. ఆ హోటలు సేట్ పోయాడని పోయిన నెలలో తెలిసింది. తెలిసినప్పటినుంచి నాకు దుఃఖం కంటే చికాకు ఎక్కువగా ఉంది. మనిషి పోతే ఏడవాలి, లేదా మంచివాడని చెప్పుకోవాలి. నాకు రెండూ చేతకావడం లేదు. ఆయనతో తేల్చుకోవలసిన మాట ఒకటి ఉండిపోయింది. తేల్చకుండా వెళ్లిపోయాడు. బతికున్నప్పుడు మాత్రం ఏం తేల్చాడు గనక.

పైగా నాకు తెలిసిన ఒక పత్రికాయన, "నువ్వు రోజూ అక్కడే కూర్చునేవాడివి గదా, ఆ హోటలు చరిత్ర రాసిపెట్టు. ఎంతెంత పేరున్నవాళ్లు వచ్చారు, ఏం తిన్నారు, ఏం మాట్లాడుకున్నారు, అన్నీ రాయి" అన్నాడు. కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఎవరెవరు వచ్చారో నాకు తెలుసు. టాకీల రాజులు, రాణులు, ముషాయిరాలకు వచ్చిన కవులు, కుస్తీ వస్తాదులు, బారిస్టర్లు, నవాబుల కొడుకులు, అందరూ వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఒక్క ముక్క తెలియదు. సేట్ మమ్మల్ని విననిస్తే కదా. ఆ హోటలు చరిత్రంతా ఒక నీలం అంచు సాసరు కింద బోర్లించి ఉంది. ఎత్తి చూపించవలసిన మనిషి పోయాడు.

ఆ రోజుల్లో నాది టాంగా మీద కొలువు. నాంపల్లిలోని ఒక సినిమా హాలువాళ్లు టాంగాకు రెండువైపులా బొమ్మల పలకలు కట్టి, ముందొక డప్పు, వెనక నన్ను కూర్చోబెట్టి ఊరు తిప్పేవారు. చేతిలో రేకు భోంగా. దాన్ని నోటికి పెట్టుకుని నాంపల్లి స్టేషను దగ్గర మొదలుపెడితే అబిడ్స్, బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్, తిరిగి కాచిగూడ దాకా అరుపే. టాకీలో రాజు ఎలా గర్జిస్తాడో నేను టాంగా మీద అలాగే గర్జించేవాణ్ని. రాణి ఏడుపు కూడా నేనే ఏడ్చేవాణ్ని. బషీర్‌బాగ్‌లో ఒక ముసలామె నా ఏడుపు విని, పాపం దానికి ఎవరూ లేరా అని నిజంగా కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం ఆట మొదలయ్యాక నాకు రెండు గంటలు తీరిక. ఆ రెండు గంటలూ సేట్ హోటల్లోనే.

సేట్ అంటే బొజ్జ ఉంటుందనుకుంటారు. ఈయన చీపురుపుల్ల. నిలువు షేర్వానీ, మెడదాకా గుండీలు, మే నెలలో కూడా ఒక్కటి విప్పేవాడు కాదు. భుజం మీద తెల్లటి తువ్వాలు. ఆ హోటల్లో పన్నెండు చలువరాతి బల్లలు, వాటి చుట్టూ కావలసినన్ని కుర్చీలు ఉండేవి గానీ సేట్‌కు కుర్చీ లేదు. ఎప్పుడూ నిలబడే ఉండేవాడు. ఎవరైనా లేచి వెళ్లగానే వచ్చి, ఆ కుర్చీ వీపును ఒక్క వేలితో నెట్టి, బల్లకు సరిగ్గా జరిపేవాడు. చెయ్యి పెట్టడు. ఒక్క వేలే. పొద్దున మొదటి కప్పు ఛాయ్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. రంగు నచ్చితే తాగడు, తల ఊపుతాడు. నచ్చకపోతే కప్పు కిందికి దించి వంటవాడి వైపు చూస్తాడు. వంటవాడు డేగిసా మొత్తం పారబోసి మళ్లీ పొయ్యి రాజేసేవాడు. తిట్టు లేదు, మాట లేదు. నాలాంటివాడికి అదే పెద్ద శిక్ష. తిడితే తిట్టును పట్టుకుని ఏదో ఒక హాస్యం ఆడొచ్చు. చూపును పట్టుకుని ఏం ఆడతాం.

ఆయన గొంతును నకలు చేద్దామని మొదటి ఏడాది చాలా ప్రయత్నించాను. ఊళ్లో ఎవరి గొంతయినా మూడు రోజుల్లో నా నోట్లో ఉండేది. సేట్ గొంతు దొరకలేదు. దొరకడానికి ఆయన మాట్లాడాలి గదా. రోజుకు నాలుగు మాటలు. "జర ఆగు," "తిననీ," "మంచిది," "పోయిరా." ఈ నాలుగింటితో హోటలు నడిపాడు. నాకు ఆయన పెట్టిన పేరు తమాషా. నేను గడప దాటగానే, "నర్సింలూ, తమాషా వచ్చిండు" అనేవాడు. అదొక్కటే ఆయన రోజూ వాడే పెద్ద వాక్యం. నర్సింలు అక్కడి పాత సర్వరు. నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు.

ఇక సాసరు సంగతి.

పేరున్న మనిషి ఎవరైనా వచ్చి కూర్చుంటే సేట్ లోపలి అలమారలోంచి ఒక సాసరు తెచ్చి, ఆ బల్ల మూలన బోర్లించేవాడు. నీలం అంచు, ఒకవైపు కొంచెం పెచ్చు ఊడింది. అది బల్ల మీద బోర్లపడి ఉన్నంతసేపు ఎవరూ ఆ బల్ల దగ్గరికి పోకూడదు. పలకరించకూడదు. సలాము కొట్టకూడదు. తేరిపార చూడకూడదు. వచ్చిన పెద్దమనిషికి ఈ సంగతి తెలియదు. రోజూ వచ్చే మాకందరికీ తెలుసు. ఎవరైనా తప్పితే సేట్ వచ్చి, వాడి ముందున్న కప్పును బోర్లించేవాడు. అంటే ఈ హోటల్లో వాడి ఛాయ్ అయిపోయిందని అర్థం. మళ్లీ సేట్ తన చేత్తో కప్పు పెట్టేదాకా వాడు గడప ఎక్కకూడదు.

ఒక సంవత్సరం ఎవరో చెప్పగా గోడకు నిలువెత్తు అద్దం పెట్టించాడు. ఊరంతా అద్దం చూడటానికి వచ్చింది. నెల తిరక్కముందే దాన్ని పీకించేశాడు. ఎందుకంటే మేమందరం వీపు తిప్పుకుని బుద్ధిగా కూర్చుని, అద్దంలో మాత్రం టాకీ రాణి పూరీ ఎలా తుంచుతుందో కళ్లార్పకుండా చూస్తున్నామని ఆయన కనిపెట్టాడు. ఆ అద్దం పోయిన జాగాలో గోడ మీద ఇప్పటికీ నాలుగు మేకుల గుర్తులు ఉన్నాయి. హోటలు పోయి బట్టల దుకాణం వచ్చింది, మేకుల గుర్తులు పోలేదు. చరిత్ర రాయమన్న పత్రికాయనకు కావాలంటే అవి చూపిస్తాను.

అందరికీ ఈ మర్యాద నచ్చేదని కాదు. ముషాయిరాకు వచ్చిన కవి ఒకాయన ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. సేట్ సాసరు పెట్టాడు. ఎవరూ తల తిప్పలేదు. కవి దగ్గాడు. కుర్చీ జరిపాడు. తనలో తానే ఒక పాదం కొంచెం గట్టిగా చదువుకున్నాడు. అయినా ఎవరూ చూడలేదు. ఆఖరికి సర్వరును పిలిచి, ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరా అని అడిగాడు. నర్సింలు వెళ్లి సేట్ చెవిలో వేశాడు. సేట్ వచ్చి ఎంతో మర్యాదగా సాసరు వెల్లకిలా తిప్పాడు. అంతే, హోటలంతా లేచి కవి మీద పడింది. అదాలత్ గుమాస్తా ఒకాయన ఉండేవాడు, ఆయనైతే కవి చెయ్యి పట్టుకుని అరగంట వదల్లేదు. కవి తెప్పించుకున్న కుర్మా చల్లారిపోయింది. అంటే ఆ సాసరును తిప్పించుకునే హక్కు కూర్చున్న మనిషికి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ సాసరు ఎందుకని సేట్‌ను అడిగితే, "ఆకలైనోనికి పేరెందుకు?" అని కుర్చీ జరుపుకుంటూ పోయాడు. నర్సింలును అడిగితే అసలు కథ చెప్పాడు. సేట్ మొదట నాంపల్లి స్టేషను బయట పాలు, రొట్టె అమ్మేవాడట. ఒకసారి పెద్ద పేరున్న గాయని ఒకామె రైలు మారడానికి దిగి, ఆకలేసి ఆయన దగ్గరికి వచ్చింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోయే లోపల జనం గుర్తుపట్టి చుట్టూ మూగారు. ఒక్క పాట అన్నారు. కాదనలేక పాడింది. ఇంకొకటి అన్నారు. మూడోది పాడుతుండగా రైలు కూత వేసింది. రొట్టె అలాగే పెట్టేసి పరుగెత్తింది. పాట అడిగినవాళ్లలో సేట్ కూడా ఉన్నాడట. ఆ రొట్టె ముక్క కేసి చూస్తూ ఆయన సాయంత్రం దాకా నిలబడే ఉన్నాడని నర్సింలు చెప్పాడు. బహుశా అప్పటినుంచే కూర్చోవడం మానేశాడేమో.

ఈ కథ నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను. అదే నా చికాకు.

ఆ రోజుల్లో ఒక టాకీ నటుడు ఉండేవాడు. నాటకాల్లోంచి వచ్చినవాడు. దర్బారులో నిలబడి పద్యం అందుకుంటే హాలు రేకులు కదిలేవి. మా హాల్లో ఆయన టాకీ ఆడినన్నాళ్లూ టాంగా మీద ఆయన గొంతుతోనే అరిచాను. ఆయనే స్వయంగా టాంగాలో వస్తున్నాడనుకుని జనం మిద్దెలెక్కి చూసేవారు. అటువంటి మనిషి ఒక మధ్యాహ్నం ఒంటరిగా సేట్ హోటలుకు వచ్చి, మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. నీలం అంచు సాసరు వచ్చింది. నర్సింలు ఒక గ్లాసు పాలు తెచ్చి పెట్టాడు. ఆయన తాగి వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాకు వయసుంది, గొంతుంది, నలభై గొంతులున్నాయి. మద్రాసు పోవాలి, టాకీలో చేరాలి. మాట చెప్పగల మనిషి నా బల్లకు మూడు బల్లల అవతల పాలు తాగుతున్నాడు. మధ్యలో పెచ్చూడిన ఒక సాసరు. ఆయన ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడటం లేదని గమనించాను. కావలసింది వేలితో చూపించేవాడు. చాలు అనడానికి అరచెయ్యి ఎత్తేవాడు. పెద్దవాళ్ల టెక్కు అలాగే ఉంటుంది కాబోలు, సర్వరుతో మాట్లాడితే నోరు అరుగుతుందేమో అనుకున్నాను.

నాలుగో రోజు సేట్‌ను పక్కకు పిలిచాను.

"సేట్, రెండంటే రెండు నిమిషాలు గా సాసరు లేపున్రి. ఒక్క పద్యం ఇనిపిస్త. నచ్చితే మద్రాసు తీస్కపోతడు, నచ్చకుంటే గీడనే మీ ఛాయ్ తాగుకుంట ఉంట."

"తిననీ."

"తింటలేడు సేట్. నాలుగు దినాల సంది పాలే తాగుతున్నడు."

"తాగనీ."

ఒక్క కారణం చెప్పలేదు. బతిమాలాను. నా పెళ్లాం పేరు చెప్పాను, చదువులేనివాణ్ని అన్నాను. సేట్ వినలేదని కాదు, అంతా విన్నాడు. విని, నేను లేచి వచ్చిన కుర్చీని ఒక్క వేలితో లోపలికి జరిపాడు.

ఐదో రోజు నాకొక ఉపాయం తోచింది. ఆ బల్ల దగ్గరికి పోకూడదు, సరే, పోను. పలకరించకూడదు, పలకరించను. నా బల్ల దగ్గర నేను కూర్చుని నా స్నేహితుడికి ఒక పద్యం వినిపిస్తే సాసరుకేం అభ్యంతరం. అదాలత్ గుమాస్తాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. గొంతు సవరించుకుని, ఆ నటుడి దర్బారు పద్యం ఆయన గొంతుతో, ఆయన గుక్కతో, ఆయన విరుపుతో అందుకున్నాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. వంటింట్లోంచి వంటవాడు బయటికి వచ్చాడు. గుమాస్తా పాన్ నమలడం మానేశాడు.

మూల బల్ల దగ్గర నటుడు తల ఎత్తాడు. చెయ్యి గొంతు మీదికి పోయింది. కళ్లు మూసుకుని పద్యమంతా విన్నాడు. చివరి చరణం అయిపోగానే హోటలంతా చప్పట్లు. ఆయన లేచాడు. గ్లాసులో పాలు సగం అలాగే ఉన్నాయి. నా వైపు వస్తాడని నేను లేచి నిలబడ్డాను. ఆయన రాలేదు. గడప దగ్గర ఆగి, నన్నొకసారి చూసి, బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ హోటలుకు రాలేదు.

సేట్ వచ్చాడు. నా కప్పులో ఇంకా ఛాయ్ ఉంది. అలాగే బోర్లించాడు. ఛాయ్ బల్లంతా పారింది. ఆ చలువరాతి మీద ఒక్క చుక్క పడినా సహించని మనిషి భుజం మీది తువ్వాలు తీసి తానే తుడిచాడు. నా ముఖం చూడలేదు.

నాకెంత కోపం వచ్చిందంటే, బయటికి వచ్చి, ఎదురు హోటల్లో కూర్చుని, వరసగా మూడు ఛాయ్‌లు తాగాను. రైలింజన్లోంచి పట్టినట్టున్నాయి. అయినా తాగాను. ఆ నటుడు నన్ను చూసి ఈర్ష్య పడ్డాడని, సేట్ ఆయనకు భయపడి నా బతుకు చెడగొట్టాడని టాంగా తోలేవాడికి, డప్పు కొట్టేవాడికి, దారినపోయేవాడికి చెప్పుకున్నాను. చాలా బాగా చెప్పేవాణ్ని. ఆ నటుడి గొంతు పెట్టి మరీ చెప్పేవాణ్ని.

ఆరేడు నెలల తర్వాత మా హాలుకు ఫిల్ము డబ్బాలు తెచ్చే మనిషి మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆ నటుడి గొంతు అప్పటికే చెడిందట. ఎన్నో ఊళ్లు తిరిగి, చివరికి ఇక్కడ పాతబస్తీలో ఒక హకీం మంచి హస్తవాసి ఉన్నవాడని విని వచ్చాడట. నలభై రోజులు ఒక్క మాట మాట్లాడొద్దని హకీం చెప్పాడట. ఆయన మాట్లాడకపోవడం టెక్కు కాదు, పథ్యం. మందు పని చెయ్యలేదు. గొంతు తిరిగి రాలేదు. ఇక టాకీల్లో లేడు.

అంటే గొంతు పోగొట్టుకున్న మనిషి నోరు మూసుకుని పాలు తాగుతుంటే, ఆయన పోగొట్టుకున్న గొంతును నేను తీసుకెళ్లి ఆయన ముందు గట్టిగా మోగించాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఇది సేట్‌కు తెలుసు. ఒక్క మాట, "వాని గొంతు మంచిగ లేదు" అని ఒక్క మాట నాలుగో రోజున నా చెవిలో వేసి ఉంటే నేను నోరెత్తేవాణ్నా? అడుగుదామని, మాఫీ కూడా అడుగుదామని, మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సేట్ కిటికీ దగ్గర కప్పు వెలుతురుకు పట్టుకుని ఉన్నాడు. నేను గడప బయటే నిలబడ్డాను.

"సేట్, ఆయన గొంతు సంగతి నాకు తెల్వది. తెలిస్తే గట్ల చేద్దునా."

"ఎవరాయన?"

"గదే, మూలకు కూసునేటాయన. టాకీ ఆయన."

"మూలకు శానమంది కూసుంటరు."

"మీకు తెల్వదా సేట్? ఐదు దినాలు పాలు పోసిన్రు గద."

"గాడ ఎవలు కూసున్నరో నేను సూడలె."

అని, కప్పు వంక చూసి తల ఊపాడు. ఆ రోజు ఛాయ్ రంగు బాగా కుదిరినట్టుంది. నా తల గోడకు కొట్టుకోవాలనిపించింది. నేను తప్పు ఒప్పుకోవడానికి వెళ్తే, ఆ తప్పు జరిగిన బల్లే లేదంటాడు, ఆ మనిషే రాలేదంటాడు. ఎవరికి చెప్పుకోవాలి మాఫీ? కొట్టినా పోయేది, తిట్టినా పోయేది. కప్పు మాత్రం పెట్టలేదు. ఆయన నన్ను క్షమించాడో లేదో అప్పుడూ తెలియలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. చక్కెర కరువైంది. నా గొంతూ కరువైంది. పదేళ్లు భోంగాలో అరిచిన గొంతు ఒక వానాకాలంలో మెల్లగా బొంగురుపోయి, ఒకరోజు బషీర్‌బాగ్ చౌరస్తాలో రాజు గర్జించబోతే పిల్లి కూడా కాని చప్పుడు వచ్చింది. దవాఖానలో డాక్టరు చూసి నోరు మూసుకోమన్నాడు. నేను మూసుకోలేదు. మూసుకుంటే కొలువు పోతుందని ఇంకో వారం ఊపిరితోనే అరిచాను. హాలువాళ్లు టాంగా మీద గ్రామఫోను పెట్టి నన్ను దింపేశారు.

ఆ రోజు మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతోంది. కాళ్లు వాటంతటవే సేట్ హోటలు గడప ఎక్కాయి. ఎవరూ ఆపలేదు. సేట్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. షేర్వానీ అదే, మనిషి ఇంకొంచెం సన్నబడ్డాడు. అదాలత్ గుమాస్తా నన్ను చూడగానే లేచాడు.

"వచ్చిండు తమాషా. యాడ పోయినవు ఇన్నొద్దులు? రా, ఒక్క నకలు కొట్టు. మా వకీల్‌సాబ్‌ది కొట్టు."

పక్క బల్లల వాళ్లు కూడా కుర్చీలు తిప్పుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, గొంతు రాలేదు. అప్పుడు సేట్ వచ్చి, నా భుజాన్ని ఒక్క వేలితో, కుర్చీని జరిపినట్టే, మూల బల్ల వైపు జరిపాడు. కూర్చున్నాను. నర్సింలు గ్లాసుతో పాలు తెచ్చాడు. నేను అడగలేదు. సేట్ అలమార తెరిచాడు. నీలం అంచు సాసరు తెచ్చి నా బల్ల మూలన బోర్లించాడు.

హోటలంతా ఒక్కసారి ముఖాలు తిప్పుకుంది. గుమాస్తా కూర్చున్నాడు. నా వైపు చూసేవాడు లేడు, పలకరించేవాడు లేడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అదే మూల. అదే పాలు. అదే సాసరు. కూర్చున్నవాడికి గొంతు లేదు. నేను చేసిన తప్పును బొమ్మ కట్టి నా ఎదుట నిలబెట్టాడు. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని, సమయం చూసి తీర్చుకున్నాడనుకున్నాను. టాంగా మీద అరుచుకునేవాడికి సాసరేమిటి, ఎగతాళి కాకపోతే? పాలు ముట్టలేదు. సాసరు పట్టుకుని వెల్లకిలా తిప్పాను, అందరికీ వినిపించేటట్టు తిప్పాను. లేచి వచ్చేశాను. గడప దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాను. సేట్ నా కుర్చీని వేలితో సరిచేస్తున్నాడు. పిలవలేదు. మళ్లీ నేను పోలేదు.

గొంతు తర్వాత సగం వచ్చింది. ఆ సగం గొంతుతో ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. సేట్ కసి ఎలా తీర్చుకున్నాడో చెప్తుంటే విన్నవాళ్లందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

పోయిన నెల నాంపల్లి సరాయి ఎదుట నర్సింలు కనిపించాడు. మనిషి వంగిపోయాడు. సేట్ పోయాడని ఆయనే చెప్పాడు. హోటలు అమ్మేశాక కాచిగూడలో కూతురింట్లో ఉన్నాడట. అక్కడ బలవంతంగా కూర్చోబెట్టారట. కూర్చుని కూడా, అందుబాటులో ఉన్న కుర్చీలను వేలితో జరుపుతూనే ఉండేవాడట. నాకు ఏడుపు రావాలి. కానీ ఇన్నాళ్ల ఉక్రోషం ముందు బయటికి వచ్చింది. పోయినాయనను అనకూడదు గానీ, ఆయన నన్ను మందిలో నవ్వులపాలు చేశాడని, నా తప్పుకు అచ్చంగా నకలు కట్టి చూపించాడని, అదొక్కటి నేను మరిచిపోలేనని అన్నాను.

నర్సింలు కండువా తీసి సరాయి మెట్టు మీద పరుచుకుని కూర్చున్నాడు.

"ఆ దినం ఎవరు నవ్విన్రు తమ్మీ?"

ఆలోచించాను. ఎవరూ నవ్వలేదు. నవ్వించింది తర్వాత నేనే.

అప్పుడు చెప్పాడు. నేను హోటలుకు రావడానికి వారం ముందే సేట్ గడపలో నిలబడి, టాంగా మీద నోరు తెరుస్తూ పోతున్న నన్ను చూశాడట. చప్పుడు రావడం లేదని కనిపెట్టాడట. వాడు వస్తే ఛాయ్ పోయొద్దు, పాలు వెచ్చబెట్టమని నర్సింలుకు చెప్పాడట. నర్సింలు వారం రోజులు రోజూ మిరియాలు దంచి పెట్టుకున్నాడట. ఆ రోజు పాలలో నేను చూసింది పైనున్న మీగడే. కింద మిరియాలు, పసుపు ఉన్నాయని నాకు తెలియదు. మూల బల్ల దగ్గర ఆ నటుడు తాగినవీ అవేనట.

తప్పు నాదని తేలినప్పుడు ఎవరిమీదో ఒకరిమీద నెట్టడం నా అలవాటు. అట్లైతే నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు గదా, సాసరు బోర్లించి ఊరుకుంటే ఎగతాళి అనుకోక ఏమనుకుంటారు, నకలు అనుకోక ఏమనుకుంటారు అన్నాను.

నర్సింలు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"నకళ్లు కొట్టేది నువ్వు తమ్మీ. సేట్‌కు ఆ విద్దె రాదు. ఆయన ఎవని ముంగట పెట్టినా అసలు సాసరే పెట్టిండు."